రంగుల మిఠాయి బిస్కెట్లు

రంగుల మిఠాయి బిస్కెట్లు ఇంట్లో తయారుచేసుకునే ఒక చిరుతిండి. మైదా, వెన్న, పంచదార కలిపిన పిండిని ఉండలు చేసి, అరచేత్తో వెడల్పుగా ఒత్తి, నూనె లేకుండా పొడి వేడిలో కాలుస్తారు; కాల్చడానికి ముందో, కాల్చిన వెంటనేనో పైన చిన్న చిన్న రంగు మిఠాయిలు అద్దుతారు. అద్దేవి పైపూత ఉన్న చాక్లెట్ గింజలు, టూటీఫ్రూటీ, రంగు సోంపు, పంచదార పూసలు, చెర్రీ ముక్కలు ఏవైనా కావచ్చు. తెలుగు ఇళ్లలో వీటిని ఎక్కువగా బడి సెలవుల్లో, పుట్టినరోజులకు, క్రిస్మస్‌కు పిల్లలతో కలిసి చేస్తారు.

మన పిండివంటల్లో చాలావరకు నూనెలో వేగేవే. అరిసెలు వత్తేటప్పుడు, జంతికలు తిప్పేటప్పుడు పిల్లల్ని బాణలి దగ్గరికి రానివ్వరు. ఈ బిస్కెట్ల విషయంలో కలపడం, ఒత్తడం, అద్దడం అంతా నిప్పుకు దూరంగా వంటింటి గట్టు మీదో, హాల్లో పరిచిన పేపరు మీదో జరిగిపోతుంది. పెద్దవాళ్లు చూసుకోవలసింది కాల్చే ఘట్టం ఒక్కటే. వంటలో అధికభాగాన్ని ధైర్యంగా పిల్లల చేతికి ఇవ్వగలగడమే ఈ బిస్కెట్లకున్న అసలు విలువ.

గుంటూరు జిల్లాలోని చేబ్రోలు, దానికి చుట్టుపక్కల ఉన్న తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ బిస్కెట్ల చరిత్ర, సరుకులు, తయారీ, రంగుల భద్రత ఇక్కడ వివరించబడ్డాయి.

చరిత్ర

బిస్కెట్టు, మిఠాయి వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే పళ్లెంలో కలిశాయి. ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో 1822లో మొదలైన హంట్లీ అండ్ పామర్స్ సంస్థ బొత్తామంత బిస్కెట్ల మీద గులాబీ, పసుపు, తెలుపు రంగుల పంచదార మొగ్గలు పెట్టి అమ్మింది. మన ఊళ్ల కిరాణా కొట్లలో సీసాల్లో కనిపించే రంగు మొగ్గల బుల్లి బిస్కెట్లు ఆ జాతివే. పైపూత ఉన్న చాక్లెట్ గింజలది వేరే దారి. బ్రిటన్‌లో స్మార్టీస్ అనే పేరు 1937లోనూ, అమెరికాలో ఎమ్ అండ్ ఎమ్స్ 1941లోనూ వచ్చాయి. మన దేశంలో క్యాడ్‌బరీ జెమ్స్ 1968లో అడుగుపెట్టింది. బిస్కెట్టు పిండిలో చాక్లెట్ ముక్కలు కలిపే పద్ధతికి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో సత్రం నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ 1930ల చివరలో ప్రాచుర్యం తెచ్చింది. ముక్కల బదులు రంగు గింజలు అద్దడం ఆ దారిలో పడిన మరో అడుగు.

భారతదేశంలో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు 1880 ప్రాంతంలో బిస్కెట్ల తయారీశాల పెట్టాడు. బ్రిటానియా 1892లో కలకత్తాలో మొదలైంది. పార్లే 1939లో బిస్కెట్లు చేయడం ప్రారంభించింది. తెలుగు నేల మీద బిస్కెట్టు అనగానే ముందు గుర్తొచ్చేది హైదరాబాదు. చివరి నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద ఉస్మానియా బిస్కెట్టు ఇరానీ చాయ్‌కు జతైంది. సింధు ప్రాంతం నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టాడు. ఆ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లలో ఎరుపు, ఆకుపచ్చ, పసుపు టూటీఫ్రూటీ ముక్కలు మెరుస్తూ ఉంటాయి. హైదరాబాదు వెళ్లొచ్చినవాళ్లు తెచ్చే ఆ డబ్బా ద్వారా రంగుల బిస్కెట్టు రుచి జిల్లాల్లోని ఇళ్లకు చేరింది.

గుంటూరు ప్రాంతంలో

చేబ్రోలు పాత ఊరు. శాసనాల్లో తామ్రపురిగా కనిపించే ఈ ఊరు కాకతీయుల కాలంలో నృత్తరత్నావళి రాసిన జాయప సేనానికి స్థావరం. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లే రోడ్డు మీద ఉండటంతో పట్నపు బేకరీ సరుకు ఇక్కడికి తేలిగ్గా అందుతుంది. మరోపక్క మంచి బిస్కెట్టుకు కావలసిన వస్తువులు ఇక్కడి ఇళ్లకు దగ్గర్లోనే దొరుకుతాయి. చేబ్రోలు మండలం వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది కాబట్టి వెన్నకూ నెయ్యికీ వెతుక్కోనక్కర్లేదు. చీరాల పక్కన వేటపాలెం జీడిపప్పుకు పేరుపొందింది. బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో వేరుశనగ పండుతుంది. తెనాలి పక్కన దుగ్గిరాల పసుపు మార్కెట్టు రాష్ట్రమంతా ఎరిగినది. పెరట్లో బొప్పాయి చెట్టు ఉంటే దాని పచ్చికాయలతో చేసే టూటీఫ్రూటీ కూడా ఇంటిదే.

ఓవెన్లు ఇళ్లకు రాకముందు తెలుగు పట్టణాల్లో బిస్కెట్లు చేయించుకోవడం అనే ఆచారం ఉండేది. మైదా, పంచదార, నెయ్యి లేదా డాల్డా, గుడ్లు ఇంటి నుంచి పట్టుకెళ్లి బేకరీవాళ్లకు ఇచ్చేవారు. వాళ్లు కలిపి, అచ్చు వేసి, తమ భట్టీలో కాల్చి కూలి తీసుకునేవారు. వేసవి సెలవులకు ముందు, క్రిస్మస్‌కు ముందు ఇంటికి రేకు డబ్బా నిండా బిస్కెట్లు వచ్చేవి. పిల్లలకు అందులో దక్కింది డబ్బా మోసుకురావడం, తినడం వరకే. భట్టీ పని ఇంటి ఓవెన్‌లోకి వచ్చాక పిండి కలిపే గిన్నె కూడా ఇంట్లోనే ఉంటోంది. పిల్లలకు చోటు దొరికింది అక్కడే.

ఈ ప్రాంతంలో క్రిస్మస్ పెద్ద పండుగ. జె.సి.ఎఫ్. హేయర్ 1842లో గుంటూరు చేరి లూథరన్ మిషన్ ప్రారంభించిన నాటి నుంచి గుంటూరు, తెనాలి, రేపల్లె చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలు బలంగా నిలదొక్కుకున్నాయి. డిసెంబరులో ఆ ఇళ్లలో కజ్జికాయలు, అరిసెలు, జంతికలతో పాటు కేకు ఉంటుంది. నక్షత్రం, చెట్టు ఆకారాల్లో కోసిన రంగు బిస్కెట్లు ఈ వరసలో కొత్తగా చేరాయి. పుట్టినరోజు, బాలల దినోత్సవం, దసరా సెలవులు అన్ని మతాల ఇళ్లలోనూ ఈ వంటకు సందర్భాలవుతున్నాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో డిసెంబరు సెలవుల్లో పిల్లలతో కుకీలు కాల్చడం మామూలే. మనుమల దగ్గరికి వెళ్లొచ్చిన తాతయ్యలు, అమ్మమ్మల ద్వారా కొలత చెంచాలు, అచ్చులు ఇక్కడికి కూడా వస్తున్నాయి.

పిల్లలు వంటలో చేతులు పెట్టడం మనకు కొత్తేమీ కాదు. గవ్వలు చేసేటప్పుడు చిన్న పిండి ఉండను గవ్వల పీట మీదో దువ్వెన మీదో బొటనవేలితో నొక్కి చుట్టే పని ఎప్పుడూ పిల్లలదే. రంగు గింజలు అద్దడం ఆ పనికి తోబుట్టువు.

సరుకులు

సుమారు 24 చిన్న బిస్కెట్లకు సరిపోయే కొలత ఇది: మైదా 200 గ్రాములు, ఉప్పు లేని వెన్న 120 గ్రాములు, పంచదార పొడి 100 గ్రాములు, బేకింగ్ పౌడరు అర టీస్పూను, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి లేదా కొద్దిగా వెనీలా ఎసెన్సు, పిండి ముద్దయ్యేందుకు ఒకటి రెండు టేబుల్ స్పూన్ల పాలు. గుడ్డు అక్కర్లేదు.

ప్రతి సరుకుకూ ఒక పని ఉంది. మైదాలోని గ్లూటెన్ బిస్కెట్టును విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పిండిని చపాతీ ముద్దలా మర్దిస్తే ఆ పట్టు పెరిగి బిస్కెట్టు గట్టిపడుతుంది. అందుకే ముద్దయ్యేవరకు కలిపి ఆపేయాలి. వెన్నలో సుమారు 16 శాతం నీరు ఉంటుంది, నేతిలో దాదాపు ఉండదు. నేతితో చేస్తే నోట్లో ఇసుకలా రాలిపోయే గుల్ల బిస్కెట్టు, వెన్నతో చేస్తే కాస్త కరకరలాడే బిస్కెట్టు వస్తాయి. వెన్న బదులు నెయ్యి వేసేటప్పుడు 100 గ్రాములు చాలు, పేరుకున్న నెయ్యే వాడాలి. డాల్డాకు ఇంట్లో చోటివ్వకపోవడం మేలు. అలాంటి వనస్పతుల్లో ఉండే, గుండెకు హాని చేసే ట్రాన్స్ కొవ్వుల మీద భారత ఆహార భద్రతా సంస్థ 2022 జనవరి నుంచి 2 శాతం పరిమితి విధించింది. ఇంటి వెన్న చేతిలో ఉండగా ఆ లెక్క చూసుకోవలసిన పనే లేదు.

మైదాలో సగం తీసి రాగి పిండి, జొన్న పిండి లేదా గోధుమ పిండి కలపవచ్చు. రాగిలో, జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి పూర్తిగా వాటితోనే చేస్తే బిస్కెట్టు పొడిపొడి అవుతుంది. రాగి పిండి ముదురు రంగు మీద పసుపు, తెలుపు మిఠాయిలు మైదా మీదకన్నా బాగా స్పష్టంగా కనిపిస్తాయి.

పైన అద్దే మిఠాయిలు

చాక్లెట్ గింజలు: పైన గట్టి పంచదార పూత, లోపల చాక్లెట్. వేడికి లోపలి చాక్లెట్ ఉబ్బి పూత పగులుతుంది, రంగు కూడా వెలుస్తుంది. పూర్తిగా కాలే బిస్కెట్టు మీద ముందే అద్దితే సగం గింజలు చీలి ఉంటాయి.

టూటీఫ్రూటీ: పచ్చి బొప్పాయి నుంచి వస్తుంది. చెక్కు తీసి, గింజలు తీసేసి, శనగగింజంత ముక్కలు కోసి, నీళ్లలో ఉడికించి వార్చాలి. తరువాత పంచదార పాకంలో ముక్క అద్దంలా మెరిసేదాకా ఉడికించి, గిన్నెల్లోకి విడదీసి, రంగు కలిపి రాత్రంతా నాననిచ్చి, వడకట్టి ఆరబెట్టాలి. ఇవి వేడికి చెదరవు.

చెర్రీ: మన బేకరీల్లో ఈ పేరుతో వాడే ఎర్రటి పండ్లలో చాలావరకు నిజానికి వాక్కాయలే. గింజ తీసి, రంగు వేసి, పాకం పట్టినవి. పప్పులో వేసుకునే పుల్లటి కాయ ఇలా తియ్యగా మారి కేకు పైకి చేరుతుంది.

రంగు సోంపు: భోజనం తరువాత హోటళ్లలో ఇచ్చే పంచదార పూత సోంపు. లోపల కరిగేదేమీ లేనందున పగలదు. వాసన పిండికి బాగా పడుతుంది. పైగా కిరాణా కొట్లో చవకగా దొరుకుతుంది.

పంచదార చిలకల ముక్కలు: సంక్రాంతికి, పెళ్లిళ్లకు పంచిపెట్టే పంచదార చిలకలు డబ్బాలో మిగిలిపోతుంటాయి. వాటిని గుడ్డలో చుట్టి అప్పడాల కర్రతో కొడితే మంచి రంగు పలుకులు వస్తాయి. వేటపాలెం జీడిపప్పు, వేయించిన వేరుశనగ, నువ్వులు వీటి మధ్య తియ్యదనాన్ని తగ్గిస్తాయి.

తయారీ

మెత్తబడిన వెన్ననూ పంచదార పొడినీ గరిటెతో గిలకొట్టాలి. వెన్న రంగు తేలికపడి తెల్లబడితే గాలి చేరినట్టు. మైదా, బేకింగ్ పౌడరు, ఉప్పు జల్లించి అందులో కలపాలి. చివరగా పాలు చిలకరించి ముద్ద చేయాలి. మన వేసవిలో వెన్న చేతిలోనే కరిగిపోతుంది. కరిగిన వెన్నతో ఉన్న పిండిని ఓవెన్‌లో పెడితే బిస్కెట్లు పరుచుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచడం అందుకే తప్పనిసరి.

నిమ్మకాయ కన్నా చిన్న ఉండలు చేసి, అరచేతితో ఒత్తి, బటర్ పేపరు పరిచిన ట్రేలో వేలెడు దూరంలో పేర్చాలి. ఓవెన్‌ను ముందుగా 170 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి ఉంచి, 12 నుంచి 15 నిమిషాలు కాల్చాలి. అంచులు లేత గోధుమ రంగుకు తిరిగితే చాలు. తీసేటప్పుడు నడుమ మెత్తగానే ఉంటుంది, చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. మెత్తగా ఉందని ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే చల్లారాక పళ్లకు పని పెడుతుంది.

అద్దడంలోనే మెలకువ ఉంది. టూటీఫ్రూటీ, సోంపు, జీడిపప్పు కాల్చడానికి ముందే పిండిలో నొక్కాలి. చాక్లెట్ గింజలు మాత్రం ట్రే బయటికి వచ్చిన ఒకటి రెండు నిమిషాల్లో అద్దాలి. అప్పుడు బిస్కెట్టు పైభాగం ఇంకా మెత్తగా ఉండి గింజ సగం దిగి కూర్చుంటుంది. చల్లారాక బిస్కెట్టు గట్టిపడి గింజను పట్టుకుంటుంది, పైన రంగు చెక్కుచెదరదు. ఆలస్యం చేస్తే గింజ నొక్కినచోట బిస్కెట్టు పగుళ్లు తీస్తుంది. ట్రే వేడిగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు బిస్కెట్లను అట్లకాడతో ఒక్కొక్కటిగా చల్లటి పళ్లెంలోకి మార్చి పిల్లల ముందు పెట్టాలి. ఎవరు ఏ రంగు, ఏ వరసలో అద్దాలో ముందే అనుకుని గింజలు గిన్నెల్లో విడదీసుకుంటే ఆ రెండు నిమిషాలు సరిపోతాయి.

ఓవెన్ లేని ఇంట్లో

ప్రెషర్ కుక్కరు గానీ మందపాటి అడుగున్న గిన్నె గానీ ఓవెన్‌గా పనికొస్తుంది. అడుగున రెండు కప్పుల ఉప్పు లేదా కడిగి ఎండబెట్టిన ఇసుక పోసి, పైన చిన్న స్టాండు పెట్టాలి. కుక్కరు మూతకు రబ్బరు, విజిల్ తప్పకుండా తీసేయాలి, నీళ్లు పోయకూడదు. మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడెక్కాక, నెయ్యి రాసిన పళ్లెంలో బిస్కెట్లు పేర్చి దించి, మంట తగ్గించి 20 నుంచి 25 నిమిషాలు ఉంచాలి. వేడి కింది నుంచే ఎక్కువ వస్తుంది కనుక అడుగు ముందు ఎర్రబడుతుంది, పైభాగం తెల్లగా ఉంటుంది. పైరంగు చూసి కాలలేదనుకుంటే అడుగు మాడుతుంది. ఒకటి తిప్పి చూడటమే కొలత. మన వంటిళ్లలో ఇసుక వేడి వాడకం ఎప్పటినుంచో ఉన్నదే. మరమరాలు, వేరుశనగకాయలు వేయించేది ఆ ఇసుకలోనే కదా.

పిల్లల వయసు, పని

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు ఉండలు చేయగలరు, ఒత్తగలరు, రంగులు వేరుచేయగలరు. గుండ్రటి గట్టి మిఠాయిలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది కాబట్టి నాలుగేళ్లలోపు వాళ్ల ముందు వాటిని వదలకూడదు. వాళ్లకు టూటీఫ్రూటీ ముక్కలు మేలు. ఆరు నుంచి తొమ్మిదేళ్లవాళ్లు జల్లించడం, తూకం వేయడం, సమయం చూడటం చేస్తారు. సగం, పావు, అర టీస్పూను అనే మాటలు పుస్తకంలోకన్నా ఇక్కడ తొందరగా పట్టుబడతాయి. 24 బిస్కెట్లు నలుగురికి పంచితే తలా ఆరు అనే లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. పదేళ్లు దాటినవాళ్లు పెద్దవాళ్లు పక్కన ఉండగా ఓవెన్ వాడటం నేర్చుకోవచ్చు.

పచ్చి పిండి నాకనివ్వకూడదు. మైదా పచ్చి పదార్థమే. అందులో క్రిములు ఉండవచ్చు, గుడ్డు వేస్తే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇతర పిల్లల్ని పిలిచినప్పుడు గోధుమ, పాలు, వేరుశనగ, జీడిపప్పు పడనివాళ్లున్నారేమో వాళ్ల తల్లిదండ్రుల్ని ముందే అడగాలి.

బిస్కెట్టు వంకరగా వచ్చినా, ఒకే చోట ఐదు ఎర్ర గింజలు పెట్టినా పెద్దవాళ్లు సరిచేయకపోవడం ముఖ్యం. ఒక్కో పళ్లెంలో ఎవరి బిస్కెట్టు ఏదో పిల్లలకు ఆ వంకరే చెబుతుంది.

రంగులు, భద్రత

మన దేశ ఆహార నిబంధనలు ఎనిమిది కృత్రిమ రంగుల్ని మాత్రమే అనుమతిస్తాయి: పాన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్, టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ, ఫాస్ట్ గ్రీన్. బిస్కెట్లు, మిఠాయిల వంటి వాటిలో వీటి మోతాదు కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో కొన్ని రంగుల మిశ్రమాలకూ పిల్లల్లో అతి చురుకుదనానికీ సంబంధం కనిపించిందని ప్రకటించారు. దాంతో 2010 నుంచి యూరోపియన్ యూనియన్‌లో టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో సహా ఆరు రంగులున్న పొట్లాల మీద హెచ్చరిక రాయడం తప్పనిసరైంది. చెర్రీలకు వేసే ఎరిత్రోసిన్‌కు అమెరికా 2025 జనవరిలో ఆహారంలో అనుమతి రద్దుచేసింది. రోడమైన్-బి బట్టలకు వేసే రంగు, ఆహారంలో పూర్తిగా నిషిద్ధం. పీచుమిఠాయిలో అది బయటపడటంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ఆ మిఠాయి అమ్మకాన్నే నిషేధించింది.

ఇంట్లో చేసేవాళ్లు పాటించవలసింది తేలికే. ఆహార భద్రతా సంస్థ లైసెన్సు సంఖ్య, రంగుల పేర్లు అచ్చయిన పొట్లం మిఠాయిలే కొనాలి. సంతలో విడిగా తూచి ఇచ్చే కళ్లు చెదిరే రంగు పూసలు పిల్లల బిస్కెట్ల మీద పెట్టకూడదు.

ఇంటి రంగులు

పంచదార పొడిలో కొన్ని చుక్కల రంగు నీరు కలిపితే చిక్కటి పూత తయారవుతుంది. చల్లారిన బిస్కెట్ల మీద దాన్ని చెంచాతో రాయవచ్చు. బీట్‌రూట్ రసం గులాబీ రంగును, పాలకూర రసం ఆకుపచ్చను, పసుపు నిండు పసుపును ఇస్తాయి. పూజకు కోసే నీలి శంఖుపూలు వేడినీళ్లలో నానేస్తే నీలం దిగుతుంది. అందులో నిమ్మరసం రెండు చుక్కలు పడితే ఊదాగా మారుతుంది.

పసుపుతో పిల్లలకు ఒక మంచి ప్రయోగం చూపించవచ్చు. పసుపు కలిపిన పిండిలో వంట సోడా పడితే కాషాయం దాటి ఎరుపువైపు తిరుగుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుపచ్చకు వస్తుంది. హారతికి పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేయడంలో ఉన్న మర్మమూ ఇదే. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. అందుకే పసుపు రంగు బిస్కెట్టు కావాలంటే వంట సోడా వద్దు, బేకింగ్ పౌడరు వాడాలి. బీట్‌రూట్ రంగు ఓవెన్ వేడికి గోధుమ రంగులోకి దిగజారుతుంది కనుక దాన్ని పిండిలో కాక పైపూతలోనే వాడాలి.

పోషణ

ఈ బిస్కెట్లు పండుగ తిండి, రోజువారీ తిండి కాదు. పిండిలో వేసిన పంచదార ఒక్కటే బిస్కెట్టుకు నాలుగు గ్రాములు దాటుతుంది, పైన మిఠాయి అదనం. అదనపు చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం లోపు, వీలైతే 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 1500 కిలోకేలరీలు తినే పిల్లలకు 5 శాతం అంటే సుమారు 19 గ్రాములు. రెండు బిస్కెట్లతో ఆపి, ఆ పూట కూల్‌డ్రింకు ఇవ్వకపోతే లెక్క సరిపోతుంది. తమ చేతులతో చేసినవి కాబట్టి పిల్లలు ఇరుగుపొరుగుకు పంచడానికే ఉత్సాహపడతారు. ఇలా పంచిపెట్టడం మన పండుగ పద్ధతి కూడా.

నిల్వ

చేబ్రోలు నుంచి రేపల్లె దాకా గాలిలో చెమ్మ ఎక్కువ. రాత్రి బయట వదిలిన బిస్కెట్టు తెల్లారేసరికి మెత్తబడుతుంది, రంగు సోంపు తడిసి పిండికి రంగు అంటుతుంది. పూర్తిగా చల్లారాకే గాలి చొరని డబ్బాలో పెట్టాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి లోపలే తేమగా మారుతుంది. సరిగా పెడితే వారం పైగా కరకర నిలుస్తుంది. మెత్తబడినవాటిని 150 డిగ్రీల వేడిలో ఐదు నిమిషాలు ఉంచితే తేరుకుంటాయి. చాక్లెట్ గింజలున్నవాటికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

ప్రాధాన్యం

ఈ ప్రాంతంలో తిండిని శాస్త్రంగా నేర్పే సంస్థలు ఉన్నాయి. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల ఏర్పడింది. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆహార సాంకేతిక శాస్త్ర కళాశాల కూడా ఆ ఊళ్లోనే ఉంది. పిండిలో గ్లూటెన్, పంచదార ఎర్రబడటం, పసుపు రంగు మారడం అక్కడ పాఠాలు. అవే సంగతులు ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఏడేళ్ల పిల్లకు కంటి ఎదుట జరుగుతాయి. తూకం, సమయం, వేడి, శుభ్రం, ఓపిక, పంచుకోవడం ఒకే పనిలో నేర్పే వంటలు మన ఇళ్లలో ఎక్కువ లేవు. అందువల్ల రంగుల మిఠాయి బిస్కెట్లను దిగుమతి సరదాగా చూడకుండా, గవ్వలు, కజ్జికాయల పక్కన పిల్లల పిండివంటగా చేర్చుకోవడం సమంజసం. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా ఆ గిన్నె అందించినప్పుడే అది పూర్తవుతుంది.